నింపినోడే ముందు పేల్చాలె

నా చిన్నప్పుడు మా ఇంటి నడిమి గదిలో, దేవుడి పటాల కంటే ఎత్తున, మేకుకు ఒక బందూకు వేలాడుతూ ఉండేది. ఈ మాట చెబితే మా మనవరాలు కళ్ళు పెద్దవి చేసి, "భయం కాలేదా అమ్మమ్మా?" అని అడుగుతుంది. భయం దేనికే? ఇనుప గొట్టం, కర్ర పిడి. దాన్ని చూసి నాకు ఏనాడూ భయం కాలేదు. దాని చుట్టూ చేరిన మనుషులను చూస్తేనే ఒళ్ళు జలదరించేది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది.

మా ఊరు గోదావరిఖనికి సైకిలు మీద గంట దూరం. ఊళ్ళో సగంమంది మొగవాళ్ళు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనికి పోయేవాళ్ళు, వచ్చాక చేను చూసుకునేవాళ్ళు. అడవిని ఆనుకొనే మా మక్కచేను, అంటే మొక్కజొన్న చేను, ఉండేది. కంకి గింజ పట్టిందంటే చాలు, పందులు గుంపులుగా వచ్చి పడేవి. వాటిని తరమడానికని మా తాతకు సర్కారు లైసెన్సు ఇచ్చింది. ఊరిలో అలాంటి బందూకులు మూడో నాలుగో ఉండేవి.

ఆ రోజుల్లో ఒకసారి పేలిన తూటాను పారేసేవాళ్ళు కాదు. ఖాళీ గొట్టాన్ని ఇంటికి తెచ్చుకొని, అందులో మళ్ళీ మందూ సీసపు గుండ్లూ నింపి వాడుకునేవాళ్ళు. మా తాత ఆ పనికి కూర్చున్నాడంటే ఇంట్లో అందరం బయటికి పోవలసిందే. తలుపు మూసుకొని, ఒక్కడే, నోరు మెదపకుండా చేసేవాడు. ఒకసారి నేను తెలియక తలుపు కొట్టి "తాతా, అన్నం" అని పిలిచాను. ఆయన కోప్పడలేదు. కానీ అప్పటిదాకా నింపినవన్నీ విప్పి, మందు మళ్ళీ డబ్బాలో పోసి, పనే మానుకొని వచ్చి అన్నం తిన్నాడు. మర్నాడు మొదటినుంచి మొదలుపెట్టాడు. ఒక్క పిలుపుకే అంతనా అని నాకు విచిత్రంగా అనిపించింది.

ఇతరులకు మాత్రం నింపి ఇచ్చేవాడు కాదు. ఎవడి తూటా వాడే నింపుకోవాలి, ఎవడి బందూకు గుణం వాడికే తెలుస్తుంది అనేవాడు. తప్పనిసరై తన బామ్మర్దికి, అంటే మా నాయనమ్మ తమ్ముడికి, ఒక కంట్లో పువ్వు పడి సొంతంగా నింపుకోలేడని, ఒక్కసారి నింపి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. "నీకు ఇష్టమున్నది ఒకటి తీసియ్యి" అని అడిగి, దాన్ని తన బందూకులో పెట్టుకొని, బామ్మర్దిని దూరంగా నిలబెట్టి, చేను గట్టున తానే పేల్చి చూపించాడు. బందూకులున్న ఆ ముగ్గురు నలుగురి మధ్య అదొక కట్టుబాటు. పక్కవాడికి నింపి ఇస్తే, నింపినవాడే ముందు పేల్చాలి. ఎందుకని అడిగితే మా నాయనమ్మ, మేము అవ్వ అని పిలిచేవాళ్ళం, "కూర వండినోడు ముందు రుచి చూడడా బిడ్డా, గదే" అంది. అప్పటికి నాకు అంతే అర్థమైంది.

తాత పోయాక బందూకు మా బాపు చేతికి వచ్చింది. కట్టుబాటు మాత్రం రాలేదు.

మా బాపు చెడ్డవాడని అననుగానీ, మెచ్చుకోలు కోసం చచ్చేవాడు. ఎవరైనా రెండు ముక్కలు పొగిడారంటే చాలు, మునగచెట్టు చిటారుకొమ్మ మీద ఉండేవాడు. ఈ సంగతి ఆయన సోపతిగాళ్ళు, ఆ స్నేహితులు, బాగా కనిపెట్టారు. "బావా, నీ చేతి తూటా అంటే తూటా! దుకాణంల కొన్నది దాని ముంగట దేనికి పనికొస్తది" అనేవాళ్ళు. ఈయన పొంగిపోయి, ఎవరు ఖాళీ గొట్టాలు తెచ్చినా కాదనేవాడు కాదు. పంది పడ్డప్పుడు ఒక తొడ మా ఇంటికి వచ్చేది. ఆ కూర నాకు సహించేది కాదు.

బాయిలో బాపు పని పేలుడు జరిపించే షాట్‌ఫైరరు వెంట ఉండడం. బొగ్గు గోడకు రంధ్రాలు వేసి మందు పెట్టాక, వాటి మూతులు మట్టి ముద్దలతో కూరి బిగించడం. ఎంత గట్టిగా కూరితే అంత బాగా బొగ్గు విరిగిపడుతుందట. ఆ అలవాటే ఆయన ఇంటికీ మోసుకొచ్చాడు. తూటాను కూడా రంధ్రం కూరినట్టే కూరేవాడు. "బొగ్గునే లేపినోణ్ణి, పందిని లేపనా!" అని డంబాలు. "అది గోడ కాదురా, మనిషి చెంప పక్కన పెట్టుకునే గొట్టం" అని అవ్వ గొణుగుతూనే ఉండేది. వింటేగా!

అన్నిటికంటే రోత పుట్టించేది ఇంకొకటి. బాయి దిగేముందు వాళ్ళ జేబులు తడిమి చూసేవాళ్ళు. ఒక్క బీడీ, ఒక్క అగ్గిపుల్ల దొరికినా పని పోతుంది. కాబట్టి అక్కడ అందరూ బుద్ధిమంతులే. అదే మనుషులు మా అరుగు మీద, మందు డబ్బా మూత తీసిపెట్టుకొని, దాని పక్కనే బీడీలు కాల్చేవాళ్ళు! నుసి మోకాళ్ళ మీద రాలితే నోటితో ఊదేవాళ్ళు. కల్లు ముంత చేతులు మారేది. అదే కల్లు చెయ్యి లుంగీకి తుడుచుకొని బాపు మందు కొలిచేవాడు. తాత నోరు మూసుకొని కూర్చున్న పనికి వీళ్ళు జాతర చేశారు. థూ! జడిసి చేసే మంచి పని మంచి పనేనా? పై అధికారి చూడని చోట మనిషి ఎట్లా ఉంటాడో నాకు ఎనిమిదో ఏటనే తెలిసిపోయింది.

ఆ రోజు ఆదివారం. బాయికి సెలవు. అమ్మ చేనుకు పోయింది. నేను గడపలో కూర్చొని చాటలో బియ్యం ఏరుతున్నాను. బాపుకు బాగా దగ్గరి సోపతి ఒకాయన ఉండేవాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు, నేను మామ అనేదాన్ని. ఆయన బిడ్డ, నేను ఒక్క ఈడు, ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళం. ఆ మామ పదో పన్నెండో ఖాళీ గొట్టాలు గుడ్డసంచిలో తెచ్చి అరుగు మీద పోశాడు. ముందటి రోజు పందులు ఆయన చేనులో రెండు సాళ్ళు నేలమట్టం చేశాయట. ఆ సాయంత్రం మంచె ఎక్కి కాయాలని వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరున్నారు, కల్లు కోసం వచ్చినవాళ్ళు.

బాపు గొట్టాలను వరుసగా నిలబెట్టి ఒక్కొక్క దానిలో మందు పోస్తూ కథ ఎత్తుకున్నాడు. ఏం కథ అనుకున్నారు? బాయిలో ఆ వారం జరిగిందే. పేలుడు చప్పుళ్ళు లెక్కపెడితే ఒకటి తక్కువ వచ్చిందట. అన్నీ పేలాయో లేదో తెలియదు కాబట్టి షాట్‌ఫైరరు అందరినీ ఆపేశాడట. షిఫ్టు సగం పోయినా సరే, ఒక్కణ్ణీ లోపలికి పోనివ్వలేదట. "మనిషంటే గాయినే! లెక్క తప్పిందంటే దేవుడొచ్చి చెప్పినా కదలడు" అని బాపు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. ఆ చేతులు తిప్పడంలోనే ఆయన తన లెక్క మరిచాడు. అప్పుడే మందు పోసిన గొట్టంలో మళ్ళీ ఒక కొలత పోశాడు. వరుసలో మూడోదో నాలుగోదో. నా కళ్ళతో చూశాను. నాకు నోరు పెగిలేసరికి ఆయన చెయ్యి వరుస చివరికి పోయింది.

"బాపూ, ఒకదాంట్ల రెండుసార్లు పోసినవ్" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. వరుస వైపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటున్నాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఆ ముఖం నేను మరిచిపోలేదు. ఆయనకు తెలిసింది. నా మాట నిజమని తెలిసింది, ఏ గొట్టమో గుర్తుకు రావడం లేదని కూడా తెలిసింది. అన్నీ కుమ్మరించి మొదటినుంచి పోసుకుంటే అయిపోయేది. పావుగంట పని. రెండింతల మందు పడ్డ తూటా పేలిస్తే బందూకే పగులుతుందని ఆయనకు తెలియనిది కాదు.

ఇంతలో ఆ కల్లు మనుషుల్లో ఒకడు పకపకా నవ్వి, "ఏందే, నీ బిడ్డ నీ మీద ఓవర్‌మన్ సారు అయిందా! పనికి హాజరేసేటట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నవ్వి, నా నెత్తిమీద ఒక్కటి చరిచి, "పో, బియ్యం ఏరుపో. పెద్ద చెప్పొచ్చింది" అన్నాడు. తరువాత చకచకా గుండ్లు పోసి, అట్ట బిళ్ళలు పెట్టి, తన బాయి అలవాటు చొప్పున ఒత్తి ఒత్తి బిగించి, అన్నిటికీ మూతులు మూసేశాడు. మూసాక ఏముంది? అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి.

మామ వాటిని సంచిలో వేసుకొని, "సాయంత్రం పొల్ల కూడా వస్తనంటున్నది మంచె కాడికి. సద్ది పట్టుకొని" అంటూ లేచాడు. బాపు వైపు చూశాను. ఇప్పుడన్నా చెబుతాడనుకున్నాను. ఆయన ముంత ఎత్తి కల్లు తాగుతున్నాడు.

చాట అక్కడే పడేసి పెరట్లోకి పరుగెత్తాను. అవ్వ పిడకలు ఎత్తుతోంది. ఏడుస్తూ చెప్పాను. మొత్తం విని ఒక్కటే అడిగింది.

"నువ్వు సూసినవా, అనుకున్నవా?"

"సూసిన అవ్వా. బాపుకు కూడా ఎరుకైంది. అయినా ఇచ్చిండు."

అవ్వ చేతులు కడుక్కుంది. కొంగు దోపుకొని, బాపును ఒక్క మాటనకుండా ఆయన ముందునుంచే నడిచి, నాలుగిండ్ల అవతల ఉన్న మామ ఇంటికి పోయింది. నేను వెనకే పోయాను. మామ బందూకు గొట్టం తుడుచుకుంటున్నాడు. ఆయన బిడ్డ నన్ను చూసి చెయ్యి ఊపింది. అవ్వ మెల్లగా, చుట్టపుచూపుగా వచ్చినట్టు, "కొడుకా, ఆ తూటాలు ఒకసారి పట్టుకొని రా. మీ మామ పెట్టిపోయిన పద్ధతి ఒకటున్నది, మావోడు మరిచిండు" అంది. ఆ మామ అంటే మా తాత.

"ఇప్పుడెందుకత్తా, పొద్దు పోతున్నది" అని ఆయన నసిగాడు. అవ్వ కదలలేదు. చేసేదిలేక సంచి పట్టుకొని వచ్చాడు.

మా అరుగు మీద ఇంకా జాతర సాగుతూనే ఉంది. అవ్వ లోపలికి పోయి బందూకు దింపి తెచ్చి బాపు ముందు పెట్టింది.

"నింపినోడే ముందు పేల్చాలె. మీ నాయిన చేసిండు, నువ్వు సూసినవ్. మీ బావ ఒకటి తీసిస్తడు. చేను గట్టుకు పోయి పేల్చిరా."

"ఏందే అవ్వా నీ లొల్లి! నలుగురున్నరు" అన్నాడు బాపు.

"నలుగురున్నరనే అంటున్న."

బందూకు తుడవలేదన్నాడు. ఒక తూటా దండుగ అన్నాడు. చప్పుడుకు ఊరు బెదురుతుందన్నాడు. పందులు ఈ రాత్రి ఇటు రావన్నాడు. అన్నిటికీ అవ్వ ఊఁ కొట్టింది తప్ప బందూకు తీయలేదు. పాపం మామే కలగజేసుకొని, "అత్తా, నాకు బావ మీద నమ్మకమున్నది. వదిలెయ్యి" అన్నాడు.

"నమ్మకం నీకున్నది కొడుకా. వానికున్నదా, సూద్దాం."

మామకు నవ్వొచ్చింది. ఈ ముసలమ్మ చాదస్తం ఒకసారి తీరిస్తే పోతుందనుకొని, సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా ఒకటి తీసి, "ఇగ, కానియ్యి బావా" అని చాపాడు.

బాపు తీసుకోలేదు.

మామ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ముందు నవ్వుతూనే ఉన్నాడు. బాపు ఆ తూటా వైపు చూస్తున్నాడు, కానీ చెయ్యి లేవడం లేదు. నుదుటి మీద చెమట పట్టింది. కల్లు మనుషులు ముంత కింద పెట్టారు. మామ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. బాపు చివరికి ఎవరి ముఖమూ చూడకుండా, "రేపు వేరేవి నింపిస్త తియ్యి" అన్నాడు.

అంతే! తన చెంప పక్కన పెట్టుకోవడానికి చేతులు రాని దాన్ని, బావా బావా అనే మనిషి చెంప పక్కకు పంపాడు. పక్కన బిడ్డ కూర్చుంటుందని తెలిసీ పంపాడు. పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి అవ్వ సంచిని సంచిగానే నీళ్ళ తొట్టిలో ముంచి పైన రాయి పెట్టింది. మామ వెళ్ళిపోతున్నాడు. కోపంతో తిడతాడనుకున్నాను. తిట్టలేదు సరికదా, బాపు భుజం తట్టి, "పోనీ బావా, ఎవ్వనికైనా అయితది" అని ఓదార్చి మరీ పోయాడు! మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, దాన్ని పూర్తిగా నా నోటితో అననుగానీ, సరిగ్గా ఇలాంటి మనుషుల కోసమే పుట్టింది. చేతికిచ్చినవాడికి సిగ్గు లేదు, తీసుకున్నవాడికి నోరు లేదు. ఆ పూట నాకు ఇద్దరి మీదా ఒకే రకంగా అసహ్యం కలిగింది.

అందరూ పోయాక బాపు అవ్వ మీద విరుచుకుపడ్డాడు. నలుగురిలో తన ఇజ్జత్ తీసిందట. పిచ్చి ముసలిదట. అవ్వ మళ్ళీ పిడకల దగ్గరికి పోతూ, "నీ ఇజ్జత్ రేపటికల్ల మళ్ళ మొలుస్తది. వాని చెయ్యి మొలుస్తదా?" అంది. ఆ తరువాత అవ్వ మందు డబ్బా ఎక్కడ దాచిందో ఎవరికీ తెలియలేదు. ఇంటి అరుగు మీద ఇంకెవరికీ తూటాలు నింపడం జరగలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ బాపు నన్ను దగ్గరికి పిలిచాడు. సైకిలుకు టిఫిను తగిలిస్తూ, ఎటో చూస్తూ, "అవ్వకెందుకు చెప్పినవ్? నాకు చెప్తే అయిపోతుండె గద" అన్నాడు.

"నీకే గద బాపూ ముందు చెప్పిన."

ఆయన సైకిలెక్కి పోయాడు. తరువాత ఇంకా ఇరవై ఏళ్ళు బతికాడు. నాకు బడి చెప్పించాడు, పెళ్ళి చేశాడు, నా బిడ్డను ఎత్తుకున్నాడు. ఆ ఆదివారం గురించి మాత్రం నోరు విప్పలేదు. పొరపాటుగా రెండుసార్లు మందు పోసినందుకు నేను ఆయన్ని ఏనాడూ తప్పు పట్టలేదు. చెయ్యి ఎవరికైనా తప్పుతుంది. తప్పిందని తెలిశాక మూత మూసి నవ్వుతూ అందించడం, అదే నాకు మింగుడుపడలేదు.

బాపుకు ఊపిరితిత్తులు చెడి పని మానేశాక, ఆయన ఉద్యోగం నాకు ఇచ్చారు. బాయి మీద ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్ళందరికీ టోపీకి తగిలించుకునే లైటు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం నా పని. ఒకరోజు మొదటి షిఫ్టుకు వరుస బారుగా ఉంది. "అక్కా జల్ది, అక్కా జల్ది" అని ఒకటే గోల. నేను తమ్మీ అని పిలిచే ఒక పిల్లవాడి లైటు చేతికొచ్చింది. వెలిగిస్తే ఒకసారి గుడ్డిగా అయి మళ్ళీ వెలిగింది. పక్కన పెట్టాలి. "ఏం కాదక్కా, ఇయ్యి" అని వాడు నవ్వాడు. వెనక అరుపులు. ఇచ్చేశాను.

ఆ తరువాత ముగ్గురికో నలుగురికో లైట్లు ఇచ్చి ఉంటాను. ఇస్తున్నాను గానీ చేతులు నావి కావు. ఆ లైటు పెట్టుకొని నన్ను దిగమంటే దిగుతానా అని నన్ను నేనే అడిగాను. కిటికీ వదిలేసి, వరుసలో ఉన్నవాళ్ళు ఏంది ఏంది అంటుంటే, చీర పట్టుకొని బాయి మూతి దాకా ఉరికాను. లోపలికి దిగబోతున్న వాడిని రెక్క పట్టి ఆపి, టోపీ మీది లైటు ఊడబీకాను.

"ఏమైందక్కా?" అన్నాడు వాడు బిత్తరపోయి.

"తప్పు నాదే తమ్మీ. అనుమానమున్నదని తెలిసి కూడా ఇచ్చిన."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్కకు పిచ్చి లేచిందన్నారు ఒకరిద్దరు. వాడికి వేరే లైటు ఇచ్చాను, వాడు దిగిపోయాడు, నేను వచ్చి నా కిటికీలో కూర్చున్నాను. కడివెడు నీళ్ళు తాగాను. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక ఇప్పటికీ, అనుమానం తగిలిన ప్రతిసారీ తప్పు నాదే అనే ఆ ఒక్క మాట నలుగురి ముందు అనడం నేను మానలేదు. ఈ కథ విన్నవాళ్ళు, ఆ తరువాతనైనా బాపు మీద కోపం పోయిందా అని అడుగుతారు. పోలేదు. ఇంకా పెరిగింది. ఆయనా అనగలిగే మాటే కదా అది!